లెగ్బాకి హిట్ పాయింట్లు రాయకండి

టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలుగా మారి కథ ఆడుకునే ఫాంటసీ టేబుల్‌టాప్ ఆట రాస్తున్న హైదరాబాద్ మిత్రులకు, ఇలాంటి ఆటలు ఆడించే తెలుగు గేమ్ మాస్టర్లందరికీ బహిరంగ లేఖ

మిత్రులారా, నమస్తే.

మీ ఆట నాకు నచ్చింది. ఆ మాట ముందే చెప్పేసి అసలు విషయానికి వస్తాను. టెస్టింగ్ కోసం మార్చిలో మీరు పంపిన పుస్తకాన్ని ఇక్కడ మాంట్రియల్‌లో మా ఆదివారం గ్రూపుతో ఆరు వారాలు ఆడించాను. అందులో చీకటి దీవి గురించి 38 పేజీల భాగం ఉంది. కరీబియన్ దేశం హైతీ ప్రజలు తమ వోడూ మతంలో కొలిచే దేవతలను, వాళ్లు 'ల్వా' అని పిలుచుకునే వాళ్లను, మీరు ఆ దీవిలో చంపాల్సిన శత్రువులుగా పెట్టారు. లెగ్బాతో సహా వాళ్లకు హిట్ పాయింట్లు, అంటే ఎంత దెబ్బ తగిలితే చస్తారో చెప్పే అంకెలు, రాశారు. దాని గురించి ఏప్రిల్‌లో ఒక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. జూన్‌లో ఇంకోటి రాశాను. మీలో ఒకరు "అక్కా, ఇది ఫాంటసీయే కదా, లైట్ తీసుకోండి" అని ఒక్క లైను పంపారు. పుస్తకం ఈ డిసెంబర్‌లో ప్రింటుకి వెళ్లబోతోందని ఇప్పుడు తెలిసింది. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

నేను హైతీ మనిషిని కాను. వోడూ నా మతమూ కాదు. హన్మకొండలో పుట్టి పెరిగాను, ఇక్కడ ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా పనిచేస్తున్నాను. నాతో డ్యూటీ చేసేవాళ్లలో చాలామంది హైతీ వాళ్లే. వాళ్లలో ఒకమ్మాయి మా ఆదివారం టేబుల్ దగ్గర మూడేళ్లుగా ఆడుతోంది.

నాలుగో వారం ఏం జరిగిందో చెప్తాను. ఆటగాళ్లు కూడలి దగ్గరికి చేరారు. మీ పుస్తకం తెరిచి ఆ పేజీ వాళ్లకు చూపించాను. కొమ్ములున్న ముసలివాడి బొమ్మ, పక్కన వివరాలు రాసిన పెట్టె. పాపా లెగ్బా, కూడలి రాక్షసుడు, హిట్ పాయింట్లు 180, చంపితే వెండి తాళంచెవి దొరుకుతుంది. ఆ అమ్మాయి పేజీని తనవైపు తిప్పుకుని చదివింది. మళ్లీ చదివింది. చేతిలో ఉన్న ఇరవై ముఖాల పాచికను టేబుల్ మీద పెట్టేసి, "ఈయన్ని చంపితే గేటు ఎవరు తీస్తారు?" అంది. నాకు అర్థం కాలేదు. ఆటలో ఏదో రూలు అడుగుతోందనుకుని పుస్తకం వెతికాను కూడా.

అందరూ వెళ్లాక వంటింట్లో గ్లాసులు కడుగుతూ చెప్పింది. వోడూలో పరమాత్మ ఒక్కడే, పేరు బోండ్యే. ఆయన చాలా దూరంలో ఉంటాడు, మన గొడవల్లోకి రాడు. మనకూ ఆయనకూ మధ్య ఉండేవాళ్లే ల్వాలు. ఏ పూజైనా మొదట లెగ్బాతోనే మొదలవుతుంది. చేతికర్ర, భుజాన గడ్డితో అల్లిన సంచి, నోట్లో పైపు, కుంటుతూ నడిచే ముసలాయన. గేటు తెరవమని ముందు ఆయన్ని అడుగుతారు. ఆయన తెరిస్తేనే మిగతావాళ్లు వస్తారు. హైతీలో గోనైవ్ ఊరి దగ్గర పల్లెలో వాళ్ల అమ్మమ్మ రోజూ పొద్దున్నే గడప ముందు మూడుసార్లు నీళ్లు వంపి ఆయన పేరు తలుచుకునేదట. పాపా అంటే నాన్న. మీరు 180 పాయింట్లు రాసింది ఆ ముసలాయనకు.

ఆ రాత్రి నాకు మా ఊరి పొలిమేర పోచమ్మ గుర్తొచ్చింది. మనమూ దేవతల్ని చుట్టరికం కలిపే పిలుస్తాం కదా, ఎల్లమ్మ తల్లి అనీ, పోతరాజు అక్కలకు తమ్ముడనీ. వాళ్లూ అంతే. పొలం పనులు చూసే అజాకాను 'కూజెన్' అంటారు, అంటే కజిన్, మన లెక్కలో బావో అన్నో అనుకోండి. గడ్డి టోపీ, నీలిరంగు ముతక బట్టలు, భుజాన సంచి. అచ్చం రైతులాగే మాట్లాడతాడు, తన లెక్క ఎవరైనా తప్పేస్తున్నారేమోనని ఎప్పుడూ అనుమానం. మీ పుస్తకంలో ఈయన "విషపు పంటల భూతం".

ఈ మతం ఎక్కడి నుంచి వచ్చిందో మీ 38 పేజీల్లో ఒక్క వాక్యం కూడా లేదు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. అప్పట్లో హైతీ పేరు సాన్-డొమింగ్, ఫ్రాన్స్ వలస. చెరకు, కాఫీ తోటల్లో సుమారు 5 లక్షల మంది ఆఫ్రికన్ బానిసలు. నేటి బెనిన్ ప్రాంతం నుంచి ఫాన్ జాతివాళ్లు, ఇంకా యొరుబాలు, కాంగో వాళ్లు. ఫాన్ భాషలో వోడున్ అంటేనే దేవత. 1685లో ఫ్రాన్స్ రాజు తెచ్చిన 'నల్ల చట్టం' బానిసలందరికీ క్యాథలిక్ బాప్తిస్మం ఇవ్వాల్సిందేనంది. వాళ్లు క్రైస్తవ పునీతుల పటాల్లో తమ దేవతల్ని చూసుకున్నారు. తాళంచెవులు పట్టుకున్న పీటర్‌లో లెగ్బాను, పాముల మధ్య నిలబడ్డ ప్యాట్రిక్‌లో సర్ప ల్వా డంబాలాను. 1791 ఆగస్టులో బ్వా కైమాన్ అనే అడవిలో ఒక రాత్రి పూజ జరిగింది, బానిసల నాయకుడు డటీ బుక్‌మన్, పూజారిణి సెసిల్ ఫాతిమాన్ దాన్ని నడిపించారని అక్కడ చెప్పుకుంటారు. కొద్దిరోజులకే తోటలు తగలబడ్డాయి. 1804 జనవరి 1న స్వతంత్ర దేశం ఏర్పడింది. బానిసలు తిరగబడి, గెలిచి, తమ దేశం తాము కట్టుకున్న చోటు అదొక్కటే. తోటల యజమానులకు, వాళ్ల తర్వాత వచ్చినవాళ్లకు అది మింగుడుపడలేదు. ఆ గెలుపు వెనక ఉన్న దేవతలు దెయ్యాలైపోయారు. మీరు తెలిసి చేశారని అనను. కానీ మీ చీకటి దీవి ఆ వరసలోదే.

ఇక "ఫాంటసీయే కదా" అన్న మాటకు వస్తాను. దానివల్ల మామూలు మనుషులకు ఏం జరిగిందో, జరుగుతోందో ఇవి చదవండి.

1. వోడూ అంటే చేతబడి అన్న అబద్ధానికి ప్రాణాలు పోయాయి. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చింది. శవాలు ఇంకా శిథిలాల కిందే ఉన్నాయి, మర్నాడే అమెరికాలో పాట్ రాబర్ట్‌సన్ అనే టీవీ మతప్రచారకుడు హైతీవాళ్లు సైతానుతో ఒప్పందం చేసుకున్నారని అన్నాడు. అదే ఏడాది అక్టోబర్‌లో కలరా వచ్చింది. అది ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం నుంచి వెళ్లిన మురుగుతో నదిలో కలిసింది. 2016లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి హైతీ ప్రజలకు క్షమాపణ కూడా చెప్పాడు. కానీ 2010లో పల్లెల్లో జనానికి ఆ సంగతి తెలియదు. వోడూ పూజారులే పొడి చల్లి జబ్బు తెచ్చారని మూకలు వాళ్ల ఇళ్ల మీద పడ్డాయి. కత్తులతో, రాళ్లతో కొట్టి, వీధుల్లో తగలబెట్టారు. ఆ డిసెంబర్ నాటికి చనిపోయినవాళ్లు 45 మంది అని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. జబ్బుపడ్డవాళ్లకు ఆకుమందు ఇచ్చే ముసలివాళ్లు, బిడ్డ పుడితే పేరు పెట్టేవాళ్లు, పల్లెలో తగువులు తీర్చేవాళ్లు వాళ్లు.

2. అది పాత కథ అనుకోకండి. 2024 డిసెంబర్‌లో హైతీ రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌ను ఆనుకుని ఉన్న సీటే సొలేయ్ మురికివాడలో ఒక ముఠా నాయకుడు తన కొడుకు జబ్బుకు చేతబడే కారణమని నమ్మి, వృద్ధుల్ని, వోడూ పాటించేవాళ్లని ఏరి చంపించాడు. ఐక్యరాజ్యసమితి లెక్కలో చనిపోయినవాళ్లు కనీసం 207 మంది. మా వార్డులో ఆ వారం డ్యూటీకి వచ్చినవాళ్లు ఫోన్లు జేబులో పెట్టుకోలేదు, చేతిలోనే పట్టుకుని తిరిగారు.

3. చట్టం కూడా వాళ్ల మీదికే వచ్చింది. 1935లో "మూఢాచారాల" పేరుతో వోడూ పూజల్ని నేరం చేశారు. 1941, 42లో చర్చి ఉద్యమం నడిపి గుళ్లను కూలగొట్టింది, డోళ్లను, పూజ సామాన్లను కుప్పలు పోసి కాల్చింది. మా టేబుల్ దగ్గర ఆడే అమ్మాయి వాళ్ల ముత్తాత అప్పుడు డోలుని అరటితోటలో పాతిపెట్టాడట, మళ్లీ తవ్వి చూస్తే తోలు కుళ్లిపోయి ఉందట. 1987 రాజ్యాంగంతో ఆ చట్టం పోయింది. 2003లోగానీ ప్రభుత్వం వోడూను మతంగా గుర్తించలేదు. అంటే, వోడూ పూజారి చేయించిన పెళ్లి పెళ్లిగా చెల్లడానికి అంతకాలం పట్టింది.

4. జాంబీలు. మీ దీవిలో మనిషి మాంసం తినే జాంబీలు 3 రకాలు ఉన్నాయి. హైతీలో 'జోంబీ' ఎవరినీ తినదు. చచ్చాక కూడా ఎవడో లేపి తోటలో పని చేయించుకుంటాడేమో అన్న భయం అది, బానిసత్వం నుంచి పుట్టిన భయం. చావైనా విడుదల ఇస్తుందనుకుంటే అదీ ఇవ్వకపోవడం. 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం హైతీని ఆక్రమించుకుని ఉంది. ఆ రోజుల్లోనే ఈ కథలు హాలీవుడ్‌కి చేరాయి, 1932లో సినిమా వచ్చింది. బాధితుడు భూతమైపోయాడు. మాంసం తినడం ఇంకా తర్వాత, 1968 నాటి సినిమాతో అంటుకుంది.

5. మన దగ్గర సంగతి. మీ ఆట కొనేది పదిహేను, పదహారేళ్ల పిల్లలు. మన సినిమాల వల్ల వాళ్లకు ఇప్పటికే వూడూ అంటే సూదులు గుచ్చే బొమ్మ. అలాంటి బొమ్మలు యూరప్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి, వాటిని తెచ్చి హైతీకి అంటగట్టారు. ఇక చేతబడి, బాణామతి అన్న అనుమానంతో మన పల్లెల్లో మనుషుల్ని ఎలా కొట్టి చంపారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒంటరి ముసలావిడ, ఆకుమందు ఇచ్చే తాత, వీళ్లే అక్కడా ఇక్కడా బలైంది. "చేతబడి మాంత్రికుడు" అనే క్లాసు, అంటే ఆటగాడు ఎంచుకునే పాత్ర రకం, పెట్టి, దానికి హైతీ దేవతల పేర్లు తగిలిస్తే, రెండు చోట్ల ఉన్న ఆ అనుమానాన్నీ ఒకేసారి పెంచినట్టే.

మీరు అడగొచ్చు: 1980లోనే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇలాంటి ఆట వాళ్లు తెచ్చిన దేవతల పుస్తకంలో విష్ణువుకీ, కాళికీ, ఇంద్రుడికీ కూడా హిట్ పాయింట్లు రాశారు కదా, మనం ఏమైనా చచ్చిపోయామా అని. చావలేదు. కానీ ఆ పేజీ మొదటిసారి చూసినప్పుడు మీకు ఎలా అనిపించిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పైగా మనకు ఊరూరా గుడి ఉంది, పండగకి సెలవుంది. మన దేవతలు అలాంటివాళ్లు కారని చెప్పడానికి కోట్లమంది ఉన్నారు. వాళ్లకి ఆ అండ లేదు. మా టేబుల్ అమ్మాయి వాళ్లమ్మ చర్చికి వెళ్తుంది, ఇంట్లో ల్వాల పేరెత్తనివ్వదు. ఈ పిల్ల అమ్మమ్మ గురించి చెప్పుకోవడానికి చోటు మా ఆట టేబుల్ ఒక్కటే అనుకుంది, అక్కడా కొమ్ములు కనపడ్డాయి.

ల్వాల జోలికే పోవద్దని నేను అనడం లేదు. ఆ అమ్మాయి కూడా అనలేదు. సరిగ్గా రాస్తే మీ ఆటకే మేలు. రూల్స్ రాసేవాళ్లుగా ఇది మీకు పనికొస్తుందని కాస్త వివరంగా చెప్తున్నాను.

పూనకాన్ని తీసుకోండి. మీ రూలు ప్రకారం పాచిక వేయాలి, తప్పితే ల్వా ఒంట్లో దూరుతుంది, ఆ పాత్ర తోటివాళ్ల మీద దాడి చేస్తుంది. బోనాలప్పుడు శివసత్తులకు పూనకం వస్తే మనం పరిగెత్తి పారిపోతామా? పసుపునీళ్లు తెచ్చి, తల్లీ ఏం కావాలి అని అడుగుతాం. సికింద్రాబాద్ మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే ఆమె మాట వినడానికి ఎంతమంది ఎదురుచూస్తారు! హైతీలోనూ పూజ చేసేదే ల్వా రావాలని. పూనిన మనిషిని 'గుర్రం' అంటారు, ల్వా ఎక్కి స్వారీ చేస్తుంది. పక్కవాళ్లు పడిపోకుండా పట్టుకుంటారు, చెప్పులు తీస్తారు, వచ్చినవాళ్లు ఎవరో గుర్తుపట్టి కర్రో, టోపీయో, సంచియో చేతికిస్తారు. ల్వా తింటుంది, ఆడుతుంది, తిడుతుంది, జబ్బుకి మందు చెప్తుంది, వెళ్లిపోతుంది. గుర్రానికి మాత్రం ఏదీ గుర్తుండదు. మిగతావాళ్లు చెప్పాలి.

దీన్ని ఆటలో పెట్టి చూశాం. మీరు పెట్టిన పేర్లు వాడకుండా, మేమే కల్పించుకున్న ఒక నదీదేవతతో. పూనిన పాత్రను ఆడే మనిషి గది బయటికి వెళ్తాడు. దేవత గొంతు టేబుల్ దగ్గర ఇంకొకరు పలుకుతారు. ఆయన తిరిగొచ్చాక ఏం జరిగిందో అందరూ కలిసి చెప్పాలి. ఎవరికి గుర్తున్నది వాళ్లు చెప్తారు, ఒకరు దాచిపెడతారు, ఒకరు కలిపి చెప్తారు. మూడేళ్లలో మా టేబుల్ దగ్గర అంత నిశ్శబ్దంగా అందరూ విన్న రాత్రి ఇంకోటి లేదు. ఒక్క పాచికా పడలేదు.

అలాగే 'వేవే'. మొక్కజొన్న పిండిని బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి జారవిడుస్తూ నేల మీద వేసే ముగ్గు అది. ఒక్కో ల్వాకి ఒక్కోటి. మనింటి ముందు వేసే ముగ్గుకీ దానికీ చేతి కదలిక ఒకటే. పూజలో జనం దాని మీదే ఆడతారు, తెల్లారేసరికి చెరిగిపోతుంది, చెరగడానికే వేస్తారు. మీరు నిజమైన వేవేలను నెట్‌లోంచి తీసుకుని గుహ నేల మీద ఉచ్చులుగా పెట్టారు, కాలు పడితే పేలుతుంది. సంక్రాంతి రథం ముగ్గు మీద కాలు పెడితే పేలుతుందని ఎవరైనా రాస్తే మీరే ముందు కోప్పడతారు.

బారన్ సామెదీ మీ ఆఖరి విలన్. పొడుగు టోపీ, నల్లకోటు, శ్మశానం, అంతవరకు సరే. కానీ హైతీలో బిడ్డకు జబ్బు ముదిరితే తల్లి వెళ్లేది ఆయన దగ్గరికే. బారన్ గొయ్యి తవ్వకపోతే ఎవరూ చావరని నమ్మకం. తవ్వొద్దని బతిమాలుతుంది. ఆయన బలగం గేడేలు, చచ్చిపోయిన పూర్వీకుల ఆత్మలు. బూతులాడతారు, నవ్విస్తారు, పిల్లల్ని కాపాడతారు. నవంబర్ 1, 2 తేదీల్లో వాళ్ల పండగ. జనం శ్మశానానికి కొవ్వొత్తులు, కాఫీ, మిరపకాయలు నానబెట్టిన నాటుసారా తీసుకెళ్తారు. ఆయన్ని చంపే కథ కన్నా, ఒక పిల్లాడి గొయ్యి తవ్వొద్దని ఆయన్ని ఒప్పించే కథ ఎంత బాగుంటుందో మీరే ఆలోచించండి. ఆయనకు ఏం ఇవ్వాలి? ఇచ్చిన మాట తప్పితే ఏమవుతుంది? వోడూ పాటించేవాళ్లు తమను తాము ల్వాలను సేవించేవాళ్లం అనే చెప్పుకుంటారు. ఇచ్చిపుచ్చుకోవడం ఉంది, బంధుత్వం ఉంది, మాట నిలబెట్టుకోవడం ఉంది. మీ రూల్స్‌లో అవేవీ లేవు, డ్యామేజ్ మాత్రం ఉంది.

మా డిమాండ్లు ఇవి. మా టేబుల్ దగ్గరి ఆరుగురం కలిసి రాసుకున్నాం.

1. లెగ్బా, బారన్, డంబాలా, ఎజిలీ డాంటోర్, ఓగూ, అజాకా, ఈ ఆరుగురు ల్వాల హిట్ పాయింట్ల పెట్టెలు, కొమ్ముల బొమ్మలు పూర్తిగా తీసేయాలి. ఎజిలీ డాంటోర్ చెంప మీది గాట్లను "శాపం గుర్తు" అని రాసిన వాక్యం కూడా. బిడ్డనెత్తుకున్న ఆ తల్లిని పోలండ్ మేరీమాత పటంలో చూసుకుంటారు హైతీవాళ్లు, ఆ గాట్లు ఆ పటంలోనూ ఉన్నాయి.

2. నిజమైన వేవేలను ఉచ్చులుగా, అలంకారంగా వాడొద్దు.

3. "చేతబడి మాంత్రికుడు" క్లాసు, సూదుల బొమ్మలు తొలగించాలి. జాంబీలు ఉంచుకుంటే ఉంచుకోండి, హైతీకి ముడిపెట్టకండి.

4. ప్రింటుకి ముందు ఆ 38 పేజీలను వోడూ తెలిసిన హైతీ వాళ్ల చేత చదివించాలి. ఊరికే కాదు, డబ్బిచ్చి. బొమ్మలు గీసేవాళ్లకు ఎంత ఇస్తున్నారో అంత. వాళ్లు ఒప్పుకుంటే పేరు వేయాలి, వద్దంటే వేయకూడదు. వాళ్లు ఫలానా పేజీ వద్దు అంటే ఆ పేజీ పోవాలి.

5. ఇంత పని చేసే టైమ్, డబ్బు లేవంటే, పేర్లన్నీ మార్చి మీ సొంత దేవతల్ని కల్పించుకోండి. వోడూ, ల్వా అన్న మాటలు అట్ట మీద గానీ ప్రచారంలో గానీ కనపడకూడదు. స్పెల్లింగ్‌లో ఒక అక్షరం మార్చి అదే టోపీ, అదే శ్మశానం పెట్టడం లెక్కలోకి రాదు.

6. ఇప్పటికే టెస్టింగ్ కోసం ఫైలు తీసుకున్న అందరికీ సవరణ పంపాలి.

ఆడించేవాళ్లకు ఒక మాట. ఆ ఫైలు మీ దగ్గరుంటే, సవరణ వచ్చేదాకా చీకటి దీవి భాగాన్ని ఆడించకండి. ఎందుకని పిల్లలు అడిగితే చెప్పండి, పది నిమిషాలు పడుతుంది.

పేజీవారీగా నేను, ఆ అమ్మాయి కలిసి రాసిన నోట్స్ సిద్ధంగా ఉన్నాయి, జూన్ ఉత్తరంతోనే పంపాను, మళ్లీ పంపుతాను. వాటికి పైసా అడగం. ఇక్కడ వోడూ తెలిసిన పెద్దలు ఇద్దరు చదవడానికి ఒప్పుకున్నారు, వాళ్లకు ఇవ్వాల్సింది మాత్రం మీరివ్వాలి. నవంబర్ 1లోపు జవాబు ఇవ్వండి. ఆ రోజు గేడేల పండగ, ఆ అమ్మాయి డ్యూటీకి సెలవు పెట్టింది. ఆ ఆదివారం మా టేబుల్ దగ్గర మీ పుస్తకం తెరవాలో వద్దో అప్పటికి మాకు తెలియాలి.

ఇట్లు,
మాంట్రియల్ నుంచి మీ టెస్టింగ్ గ్రూపులోని ఒక గేమ్ మాస్టర్